తెరిచిన ఇంజన్‌లో అక్షింతలు

ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆ మోటారు సైకిలు సంగతి చాలాసార్లు వచ్చింది. పెళ్లిళ్లలో వచ్చింది, దినాల దగ్గర వచ్చింది, పొలం పంచుకున్న రోజు కూడా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ తలా ఒక మాట చెప్పారు. ఆ రోజు ఊళ్లో లేనివాళ్లు చెప్పారు, అప్పటికి పుట్టనివాళ్లూ చెప్పారు. ఆ ఇంజన్ విప్పినవాణ్నీ బిగించినవాణ్నీ నేను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నేనే నోరు తెరిస్తే "పాత కథలు ఇప్పుడెందుకులే" అని విస్తళ్లు వేయడం మొదలుపెట్టేవారు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద రాసిన దాన్ని మధ్యలో ఆపి విస్తరి వేయలేరు.

యుద్ధం ముగిసి ఏడాది దాటింది. ఇంకా దొరల పాలనే. మాది తర్లుపాడు పక్క పల్లె. అప్పుడు మేము కర్నూలు జిల్లా వాళ్లం. నాయన నా చిన్నతనంలోనే పోవడంతో ఇంటికి పెద్ద మా పెద్దనాయన. ఆయన మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను ఆ ఇంట్లో చూడలేదు. ఆయన దగ్గితే మేము లేచి నిలబడేవాళ్లం.

అన్న నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. మార్కాపురం పలకల వ్యాపారులకు సరుకు కుదిర్చిపెట్టే పని మీద ఊళ్లు తిరిగేవాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక సిపాయి దగ్గర, మిలిటరీ వాళ్లు వదిలించుకున్న ఒంటి సిలిండరు మోటారు సైకిలు కొన్నాడు. కొన్న ఆరు నెలలకే అది నల్లగా పొగ వదలడం మొదలుపెట్టింది. చిన్న ఎక్కుడు వచ్చినా ఆయాసపడేది.

నేను గిద్దలూరులో ఒక బస్సు షెడ్డులో మూడేళ్లు పనిచేసి వచ్చాను. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచేవి. ఆ మసికి ఇంజన్లు మూసుకుపోయేవి. వారానికి ఒక ఇంజన్ తల విప్పి, గోకి, మళ్లీ బిగించేవాళ్లం. ఇంట్లో దానికి "మసి పని" అని పేరు. అన్న పెళ్లిలో నన్ను వియ్యంకులకు చూపించినప్పుడు పెద్దనాయన "వీడు గిద్దలూరులో ఉంటాడు" అన్నాడు. ఏం చేస్తానో చెప్పలేదు. వదిన తండ్రి అందరికీ కుర్చీ చూపించి నాకు చాప చూపించాడు. ఆ చాప రంగు కూడా నాకు గుర్తుంది.

అలాంటి మసి పనివాడు బండి చెడిపోయేసరికి అక్కరకొచ్చాడు.

వదిన పుట్టిల్లు నంద్యాల. వాళ్లమ్మ మంచాన పడిందని కబురు వచ్చింది. దసరా వెళ్లగానే వదినను తీసుకొని బండి మీద వెళ్లాలని అన్న నిశ్చయించాడు. గిద్దలూరు దాటితే దిగువమెట్ట, ఆ పైన నల్లమల కనుమ. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

"రైలు ఉంది కదా అన్నా. ఈడ ఎక్కితే ఆడ దిగొచ్చు" అన్నాను.

"రైల్లో అందురూ పోతారు. మామ వాకిట్లో బండి నిలబెట్టాల. నువ్వు బాగుచెయ్యి, చాలు."

పనికి వారం రోజులు అడిగాను. పంచలో గోనెపట్టా పరిచి మొదలుపెట్టాను. ఇంజన్ పైభాగం మూడు ముక్కలు. పైన మూతలాంటి హెడ్డు, దాని కింద సిలిండరు, సిలిండరు లోపల పైకీ కిందికీ ఆడే పిస్టన్. పిస్టన్ చుట్టూ మూడు ఇనప రింగులు. ఆ రింగులు అరిగిపోతేనే నూనె పైకెక్కి మండి పొగ వస్తుంది. హెడ్డు విప్పి చూస్తే లోపల అట్లపెనం అడుగులాగా మసి గట్టిపడి ఉంది. కొడవలితో గోకితే గీతలు పడతాయని వెదురు బద్ద చెక్కి దానితో గోకాను.

హెడ్డు అడుగు కొంచెం వంగి ఉంది. గిద్దలూరులో అయితే దాన్ని చదును చేయడానికి ఇనప బల్ల ఉండేది. ఇక్కడ నేను మార్కాపురం నుంచి బారెడు పలక బండ తెప్పించాను. దానంత చదునైన వస్తువు మా సీమలో ఇంకొకటి లేదు. దాని మీద నూనె, మెత్తటి ఇసుక వేసి హెడ్డును గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. రెండు రోజులు పట్టింది.

అన్న వచ్చి చూసి నవ్వాడు. "ఏందిరా, దానికి అక్షరాభ్యాసమా? అ ఆలు వచ్చినాయా?"

పంచలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. హెడ్డుకూ సిలిండరుకూ మధ్య వేసే రాగి పట్టీని పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచాను. కొత్త రింగులు మద్రాసు నుంచి టపాలో వచ్చాయి, మైనపు కాగితంలో చుట్టి. మూడే. వాటిని పిస్టన్‌కు ఎక్కించేటప్పుడు కొంచెం ఎక్కువ చాపితే మట్టిగాజులాగా పుటుక్కుమంటాయి. ఒకటి విరిగితే ఇంకొకటి రావడానికి నెల.

సిలిండరు పైకి తీసిన తర్వాత ఇంజన్ కింది భాగం నోరు తెరుచుకొని ఉంటుంది. పిస్టన్‌ను మోసే కడ్డీ ఒక్కటి ఆ నోట్లోంచి పైకి వచ్చి నిలబడుతుంది. ఆ నోట్లో రెండు బరువైన చక్రాలు, వాటి అడుగున నూనె తిరిగే సన్నటి దారులు, నూనెను వడగట్టే తీగె జల్లెడ. అందులో ఏదైనా పడితే తీయాలంటే ఇంజన్ మొత్తం రెండుగా చీల్చాలి. ఆ పనిముట్లు నా దగ్గర లేవు. అందుకే ఉతికిన పంచె చింపి ఆ నోటికి కట్టి, చుట్టూ దారం బిగించాను.

ఇంకొక పూట ఇస్తే సిలిండరు దించి మూసేసేవాణ్ని. మహర్నవమి వచ్చింది.

ఆ రోజు మా ఇంట్లో ఇనుము ముట్టుకోకూడదు. నాగలి కర్రు, కొడవళ్లు, గొడ్డళ్లు కడిగి వరసగా పెట్టి పూజ చేస్తారు. తెల్లారేసరికి నా స్పానర్లు కూడా ఆ వరసలో ఉన్నాయి. పూజ అయ్యాక మర్నాడు దశమి దాకా వాటిని కదపరాదు. నేను పెద్దనాయన దగ్గరికి వెళ్లి పూజకు ముందు ఒక్క గంట ఇవ్వమని అడిగాను.

"గంటకేం తొందరొచ్చె? అట్లనే పెట్టు. దానికీ పూజ చేస్తాం" అన్నాడు.

పసుపు, కుంకుమ, అక్షింతల పళ్లెం పట్టుకొని ఆయన నాగలి దగ్గర మొదలుపెట్టి బండి దగ్గరికి వచ్చాడు. వెనక అన్న, అన్న వెనక ఇంటివాళ్లు. నేను బండికి ఇవతల నిలబడ్డాను.

"ఏందిరా ఆ గుడ్డ?"

"లోపలికి దుమ్ము పోకుండా, పెద్దనాయనా."

"దేవుడి ముందర మూతికి గుడ్డ కట్టుకోని నిలబడుతుందా అది? తియ్."

"ఏమన్నా పడితే తియ్యలేము పెద్దనాయనా. నూనె దారి ఉంది. బొట్టు పైన పెట్టండి, చాలు."

"నాగలికి గుడ్డ కట్టినామా? కొడవలికి కట్టినామా? దీనికేమి, కొత్త కోడలా?"

అందరూ నవ్వారు. నేను కదల్లేదు. అప్పుడు అన్న ముందుకు వచ్చి, వంగి, దారం ముడి విప్పి గుడ్డ తీశాడు. తీసి నా భుజం మీద వేశాడు.

పెద్దనాయన కడ్డీకి కుంకుమ పెట్టి పిడికెడు అక్షింతలు చల్లాడు. కొన్ని సీటు మీద పడ్డాయి. కొన్ని ట్యాంకు మీంచి జారాయి. కొన్ని ఆ నోట్లోకి పోయాయి. పసుపు గింజలు నల్లటి నూనె మీద ఒక క్షణం తేలి, మెల్లగా మునగడం నేను చూశాను. అవతలి పక్క నుంచి అన్న కూడా అక్కడికే చూస్తున్నాడు. నేను అతని ముఖంలోకి చూశాను. అతను పైపంచె సర్దుకున్నాడు.

ఆ పగలంతా నేను ఆ నోటి దగ్గరే కూర్చున్నాను. ముట్టుకోవడానికి వీల్లేదు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. కనుమ మలుపు కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది. ఇంజన్‌కు నూనె అందకపోతే పిస్టన్ సిలిండరును పట్టేస్తుంది. పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం ఆగిపోతుంది. గిద్దలూరులో ఒక బస్సు అట్లా పట్టేస్తే షెడ్డు వాకిట్లోనే అడ్డం తిరిగింది. అది వాకిలి. ఇది లోయ పక్కన.

దశమి తెల్లవారుతూనే పుల్లకు వత్తి చుట్టి, గ్రీజు పూసి, అందినంత లోతుకు పెట్టి తీశాను. పదకొండు గింజలు వచ్చాయి. ఎన్ని పడ్డాయో ఎవరికి తెలుసు? చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాను. లోపల సన్నగా పటుక్కుమంది. మళ్లీ తిప్పాను. ఇంకో చోట పటుక్కుమంది.

అన్నను పిలిచాను. "చెయ్యి పెట్టు. నువ్వే తిప్పు."

అన్న తిప్పాడు. అతని చెయ్యి టక్కున ఆగిపోయింది. నా వైపు చూశాడు. వసారాలో పడక కుర్చీలో ఉన్న పెద్దనాయన వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు.

"కిరసనాయిలు పోసి కడగాల అన్నా. రెండు సీసాలు. కడిగి కింద మర విప్పితే కొట్టుకొస్తాయి. రాకుంటే రైల్లో పోండి."

కిరసనాయిలు రేషను. ఉన్నది పెద్దనాయన గదిలో. నేనే వెళ్లి అడిగాను.

"పూజ చేసిన దాంట్లో కిరసనాయిలు పోస్తావా? పొద్దున్నే ఏం మాటలురా ఇవి?" అన్నాడు ఆయన. "అక్షింతలు పడితే మేలురా చిన్నోడా. కీడు కాదు. నీకు బిగించడం రాకపోతే రాదని చెప్పు."

తిరిగి చూస్తే అన్న పంచలో లేడు. బావి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

నేను బిగించాను. ఈ మాట దాచను. మంచి నూనె పోసి, మర విప్పి వదిలి, మళ్లీ పోసి, రెండుసార్లు చేశాను. అందులో ఒక గింజ వచ్చింది. రింగులు విరగలేదు. సిలిండరు దించేటప్పుడు రెండు బొటనవేళ్లతో రింగులు నొక్కి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటీ లోపలికి పంపాను. పొద్దు వాలేసరికి బండి ఒక్క తన్నుకే అందుకుంది. పొగ లేదు. ఊరంతా వచ్చింది. "చిన్నోడు గట్టోడే" అన్నారు. జీవితంలో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క పూట. నేను మాత్రం ఇంజన్ మీదికి వంగి ఆ చప్పుడు కోసం వింటున్నాను. ఏమీ వినిపించలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

మర్నాడు పొద్దున వదిన పెట్టె సర్దుకొని వచ్చింది. బండి వెనక ఒక పక్కకు తిరిగి కూర్చోవాలి. ఆమెకు భయం.

"చిన్నబ్బయ్యా, బండి భద్రమే కదా? నువ్వు చెప్తే ఎక్కుతా" అంది.

ఆ ఇంట్లో నన్ను అడిగి ఒక పని చేస్తానన్న మనిషి ఆమె ఒక్కతే. అన్న హ్యాండిలు పట్టుకొని నేల చూస్తున్నాడు. పెద్దనాయన గడపలో నిలబడి నన్ను చూస్తున్నాడు. రెండు రోజులుగా నేను మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ నోరు మూయించారు. నాలుగోసారి నా నోరు లేవలేదు.

"భద్రమే వదినా. మెల్లగా పొమ్మను" అన్నాను.

ఈ మాటకు నేను జవాబుదారీని. ఎవరూ అడగకుండానే ఒప్పుకుంటున్నాను. తక్కినవాళ్లు వాళ్ల వాళ్ల మాటలకు జవాబు చెప్పాలి.

బండి మలుపు తిరిగి చప్పుడు తగ్గిపోయాక నేను పంచలో నిలవలేకపోయాను. స్పానర్లు గుడ్డలో చుట్టుకొని తర్లుపాడు స్టేషనుకు నడిచి రైలెక్కాను. కంభం దాకా ప్రతి బోల్టూ మనసులో మళ్లీ బిగించాను. రింగు కొసల మధ్య సందు చాలినంత ఉందా? పోస్టుకార్డు మందం ఉండాలని మా మేస్త్రీ చెప్పేవాడు. కార్డు పెట్టే చూశాను. చూశానా? మూడోదానికి చూశానా? రైలు ఆగినప్పుడల్లా కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుందేమోనని మెడ చాచాను.

గిద్దలూరులో దిగి షెడ్డుకు పరిగెత్తాను. మేస్త్రీ టీ తాగుతున్నాడు.

"మీ అన్న పోయి రెండు గంటలాయె. చెయ్యి ఊపినాడు. ఏమిరా, దయ్యాన్ని చూసినట్ల ఉండావు?"

"బండి చప్పుడు ఎట్ల ఉండింది?"

"బాగనే ఉండె. రోంత గట్టిగా కొట్టుకుంటా ఉండె, తాళం వేసినట్ల."

వెదురు కోసం కనుమకు వెళ్తున్న లారీ ఒకటి పట్టుకొని ఎక్కాను. దిగువమెట్ట దాటింది. ఎక్కుడు మొదలైంది. ప్రతి మలుపుకూ ముందు కళ్లు మూసుకునేవాణ్ని, తిరిగాక తెరిచేవాణ్ని. రోడ్డు ఖాళీగా ఉంటే ఇంకొక మలుపు దాకా బతికినట్టుండేది. "దాటినారు, దాటేసినారు" అని నాలో నేను అనుకోవడం మొదలుపెట్టాను. ఎక్కుడు అయిపోయి చిన్న దిగుడు వచ్చింది. అక్కడ రోడ్డు మీద బారెడు పొడవున టైరు ఒరుసుకుపోయిన నల్లటి చార. చార కొసన రాతి గోడ. గోడకు ఆనుకొని బండి పడి ఉంది. మనుషులు లేరు.

లారీ ఆగకముందే దూకాను. గోడ అవతలికి వంగి చూడటానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చూశాను. చెట్లే ఉన్నాయి.

చెట్టు కింద నుంచి ఒక ఫారెస్టు గార్డు లేచి వచ్చాడు. "నీదేనా సామీ బండి? కాపలా ఉండమన్నారు."

"మనుషులు యాడ?"

"వెదురు బండిలో ఏసుకోని కిందికి దిగువమెట్ట టేసన్‌కి పోయినారు. ఆయమ్మకు కాలు ఇరిగింది."

"ప్రాణం?"

"ఈడినుంచి పోయేటప్పుడు గట్టిగా ఏడుస్తా ఉండెలే. ఆ ఏడుపుకు ప్రాణం ఉన్నట్టే."

కిందికి పరిగెత్తాను. స్టేషను బల్ల మీద వదిన పడుకొని ఉంది. ఎడమ కాలికి రెండు వెదురు బద్దలు పెట్టి, అన్న పైపంచెతో కట్టారు. ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి ఏదో అనబోయింది. అంతలో అన్న లేచాడు. చుట్టూ స్టేషను మాస్టరు, వెదురు బండివాళ్లు, ఇద్దరు ముగ్గురు ప్రయాణికులు ఉన్నారు. వాళ్లందరి ముందర అన్న నాతో అన్న మొదటి మాట ఇది.

"ఏం బిగించినావురా నువ్వు?"

వదిన తల అటు తిప్పుకుంది.

నేను నోరు తెరిచాను. అన్న కళ్లు నా కళ్లలోకి రాలేదు. బల్ల మీద ఆమె మూలుగుతోంది. ఆ పూట వాదులాటకు దిగలేక ఊరుకున్నాను. ఆ ఊరుకోవడాన్నే అందరూ ఒప్పుకోలు అనుకున్నారు.

నంద్యాలలో కట్టు కట్టారు. ఎముక వంకరగా అతికింది. వదిన ఆ కాలు ఈనాటికీ ఈడుస్తూ నడుస్తుంది. బండి గూడ్సు రైలులో ఇల్లు చేరాక, గిద్దలూరు షెడ్డు నుంచి పనిముట్లు అరువు తెచ్చి నేను మళ్లీ విప్పాను. ఈసారి ఇంటిల్లిపాదినీ పిలిచి, వాళ్ల ముందర విప్పాను. రింగులు మూడూ సరైన చోటే ఉన్నాయి. ఇంజన్ రెండుగా చీల్చి అడుగున జల్లెడ తీస్తే దాని నిండా ఉడికీ ఉడకని సంకటిలాంటి ముద్ద ఉంది. ముద్దలో సగం గింజ ఒకటి, ఇంకా పసుపు పోనిది. మోదుగాకు మీద పెట్టి పెద్దనాయన ముందర ఉంచాను.

"గ్రీజు అది" అన్నాడాయన.

"గ్రీజుకు పసుపు యాడిది పెద్దనాయనా?"

"పూజ చేసింది ఎవురికీ చెరుపు చెయ్యదు. లోపం బిగించిన చేతిలో ఉంది." అని లేచి లోపలికి వెళ్లాడు. ఆకును వాకిట్లోకి తోసింది ఆయన కాలే.

నేను అన్న వైపు తిరిగాను. అన్న స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. ఒక్క మాట చాలు. "నేను చూసినా, పెద్దనాయనా" అంటే చాలు. అతను పశువులకు మేత వేయాలని దొడ్లోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వదిన నన్ను చిన్నబ్బయ్యా అని పిలవలేదు. నాకు అన్నం పెట్టమని ఇంకెవరికో చెప్పేది. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లిలో పెట్రోమాక్సు దీపం ఆరిపోతే వెలిగించడానికి లేచాను. "వద్దులే, నువ్వు ముట్టుకోవద్దు" అంది వదిన, అందరి ముందర. కోపంగా అనలేదు. భయంగా అంది. నా చేతులంటే ఆమెకు భయం. ఇప్పటికీ నేను ఏ యంత్రం ముట్టుకున్నా ముందు నాకూ ఆ భయమే వస్తుంది, పోస్టుకార్డు మూడో రింగుకు పెట్టానా లేదా అని. జల్లెడలో ఉన్నదేమిటో నా కళ్లతో చూసి కూడా వస్తుంది. నాతో పాటు చూసినవాడు ఒక్కసారి చెబితే పోయేది.

పెద్దనాయన పోయాడు. ఆయన్ని ఇక అడగలేను. బతికుండగా అడిగాను, జవాబు కూడా విన్నాను. ఆయన నమ్మిందే చెప్పాడు, ఆ లెక్క ముగిసింది. నీ లెక్క వేరు అన్నా. నువ్వు నమ్మి ఊరుకోలేదు, తెలిసి ఊరుకున్నావు.

నీకు చూపు తగ్గిందని విన్నాను. ఇది నువ్వు ఎవరిచేతనో చదివించుకుంటావు. గట్టిగా చదవమను, వదిన కూడా వినాలి. నవమి నాడు ఆ దారం విప్పింది నీ చెయ్యి. దశమి నాడు చక్రం తిప్పుతూ ఆగిపోయింది నీ చెయ్యి. గింజలు లోపలికి పోవడం చూశావా, లేదా? ఆ పటుక్కుమన్నది నీకు తగిలిందా, లేదా? ఎవరిచేతా కబురు పంపొద్దు, ఉత్తరం రాయించొద్దు. నేను వస్తాను. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకొని, నా వైపు కాదు, ఆమె వైపు తిరిగి జవాబు చెప్పు.